చిన్న ట్రాక్టరా, పెద్దదా? రైతుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. తొమ్మిదెకరాల ఎర్రనేల. నాలుగెకరాల్లో ఎనిమిదేళ్ల చీనీ (బత్తాయి) తోట ఉంది, చెట్ల మధ్య ఇరవై అడుగుల ఎడం. మిగతా ఐదెకరాల్లో వానకు వేరుశనగ వేస్తాం. చేతిలో ఐదున్నర లక్షలున్నాయి. 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ కొనాలా, ఇంకో రెండు లక్షలు అప్పు చేసి 42 హెచ్‌పీది తేవాలా? ఊళ్లో అందరూ పెద్దదే మేలంటున్నారు.

జవాబు: చిన్నదే కొనండి, నాలుగు చక్రాలూ లాగేది చూసుకోండి. ఈ మాట తేల్చేది మీ చీనీ తోటే. టేపు తీసుకెళ్లి కొమ్మకూ కొమ్మకూ మధ్య ఎంతుందో కొలవండి. ఎనిమిదేళ్ల చెట్టు కాండం నుంచి ఒక్కో వైపు ఏడు, ఏడున్నర అడుగులు పరుచుకుంటే ఇరవై అడుగుల్లో మిగిలేది ఐదారు అడుగులే. 42 హెచ్‌పీ బండి వెడల్పే ఐదున్నర అడుగులకు అటూఇటూ ఉంటుంది. మడ్‌గార్డు కొమ్మలను విరుస్తుంది, బెరడును గీస్తుంది. ఆ గాయం దగ్గరే బంక కారడం మొదలవుతుంది. చిన్న బండి మూడున్నర, నాలుగు అడుగుల్లో దూరిపోతుంది. పొగగొట్టం కిందికి ఉన్న మోడల్ అడగండి, పైకి నిలబడి ఉంటే కాయలున్న కొమ్మలకు తగులుతుంది.

రెండో కారణం చెట్టు వేర్లు. చీనీకి తిండి తెచ్చే వేర్లు ఎక్కువగా పైన ఒక అడుగు మట్టిలోనే ఉంటాయి. పెద్ద రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) ఐదారు అంగుళాలు దిగితే అవి తెగుతాయి, ఎండు తెగులుకు దారి పడుతుంది. చిన్నదైనా పెద్దదైనా తోటలో మూడు అంగుళాలు దాటనివ్వకండి. రోటవేటర్ పక్కనుండే స్కిడ్లను, అంటే లోతును ఆపే ఇనుప పట్టీలను, ఆ లోతుకు బిగించుకోండి.

వేరుశనగ దగ్గర చిన్నది ఆలస్యం చేస్తుందన్న భయం ఉంటుంది. లెక్క వేసి చూడండి. 30 సెంటీమీటర్ల సాళ్లతో ఐదు సాళ్ల విత్తన గొర్రు ఒక దఫాకు మీటరున్నర వెడల్పు విత్తుతుంది. గంటకు మూడు కిలోమీటర్ల నడకతో, మలుపులకూ విత్తనం నింపడానికీ పోయే సమయం తీసేస్తే ఎకరాకు గంటా ఇరవై నిమిషాలు. ఐదెకరాలకు ఏడు గంటల లోపే. పదును ఎర్రనేలలో రెండు మూడు రోజులకు మించి నిలవదు కదా, మీ చేను ఒక్క రోజులో అయిపోతుంది. ఇరవై ఎకరాలుంటే ఈ జవాబు వేరేగా ఉండేది.

చిన్న బండికి డీజిల్ ఆదా అన్న మాటను మాత్రం పూర్తిగా నమ్మకండి. మూడడుగుల రోటవేటర్‌తో ఎకరాకు రెండున్నర గంటలు పడుతుంది, ఐదడుగుల దానికి గంటా పావు చాలు. గంటకు చిన్నది సుమారు రెండున్నర లీటర్లు, పెద్దది ఐదు లీటర్లు తాగుతుందనుకుంటే ఎకరాకు ఖర్చు దాదాపు సమానం. మిగిలేది మందు కొట్టడంలో, గుంటక తోలడంలో. పనిముట్లను తిప్పే వెనక కడ్డీ, పీటీఓ, నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే పెద్ద ఇంజను బరువు లేకుండానే వేగంగా తిరగాలి, ఆ డీజిల్ ఊరికే పోతుంది.

వేసవి లోతు దుక్కికి, కాయలు మార్కెట్‌కు తోలడానికి పెద్ద బండిని బాడుగకు తెచ్చుకోండి. టన్ను బరువు కూడా లేని చిన్న ట్రాక్టర్‌కు నిండు ట్రాలీ తగిలించి దిగుడులో దిగితే, బ్రేకు వేసినప్పుడు ట్రాలీ వెనక నుంచి నెట్టి బండిని అడ్డం తిప్పేస్తుంది. ఈ ఒక్క పనీ చేయకండి.

ట్రాక్టర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాయించుకున్న కొటేషన్ ఉంటే కొత్తది అడగండి. ఇంజను హెచ్‌పీతో పాటు పీటీఓ హెచ్‌పీ కూడా కాగితం మీద రాయించుకోండి, రోటవేటర్‌ను తిప్పేది అదే. మీ జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బండి ఇంటికొచ్చేలోపు నడిపేవాళ్లను అక్కడ శిక్షణకు పంపగలిగితే మంచిది.

ప్రశ్న: మాది ఆదోని వైపు, పన్నెండెకరాల నల్లరేగడి. పత్తి, శనగ వేస్తాం. 24 హెచ్‌పీ, వెనక చక్రాలే లాగే బండి కొన్నాను. ఏడు నాగళ్ల కల్టివేటర్ దించితే చక్రాలు అక్కడే తిరుగుతున్నాయి, ముందు భాగం లేస్తోంది. ఏం చేయాలి?

జవాబు: చక్రం ఎంత జారుతోందో ముందు కొలవండి. వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టండి. కల్టివేటర్ ఎత్తి, చక్రం పది చుట్లు తిరిగేలా నడిపి దూరం కొలవండి. తర్వాత అదే చేలో నాగళ్లు దించి మళ్లీ పది చుట్లు. మొదట 40 మీటర్లు, రెండోసారి 35 వస్తే జారుడు పన్నెండున్నర శాతం, పర్వాలేదు. 31 మీటర్లే వస్తే ఇరవై రెండు శాతం దాటింది. డీజిలూ టైరు గుబ్బలూ రెండూ అరిగిపోతాయి.

నాగళ్లు ఐదుకు తగ్గించండి. వెనక టైర్లలో నీళ్లు నింపండి: జాకీతో చక్రం లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా తిప్పి, నీళ్లు వాల్వు దాకా వచ్చే వరకు పట్టండి. టైరులో మూడొంతులు నిండినట్టే, మిగతాది గాలి. ముందు బంపరుకు ఇనుప బరువులు తగిలించండి. పొలంలో వెనక టైరు గాలి పన్నెండు నుంచి పద్నాలుగు పౌండ్లు చాలు. రోడ్డుకు పెట్టినంత గాలితో చేలోకి దిగితే టైరు మట్టిని పట్టుకోదు.

ఇవన్నీ చేసినా జారుడు పదిహేను శాతానికి దిగకపోతే మీ రేగడికి ఆ బండి చాలదు. మీకు కావలసింది 42 నుంచి 47 హెచ్‌పీ, వెనక 14.9-28 టైర్లు. 50 హెచ్‌పీ దాటకండి. ఆ పైవాటికి 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటిలో డీజిల్ పోత కంప్యూటర్ చేతిలో ఉంటుంది. ధర ఎక్కువ, ఊరి మెకానిక్‌కు లొంగదు.

ప్రశ్న: కొత్త చిన్న ట్రాక్టర్ ధరకే ఐదేళ్లు వాడిన 45 హెచ్‌పీ బండి వస్తోంది. కొనొచ్చా? (మైదుకూరు, కడప జిల్లా)

జవాబు: పెద్ద బండి పని నిజంగా ఉంటే కొనొచ్చు. తెల్లవారగానే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి పెడితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. స్టార్ట్ అయ్యాక ఇంజనాయిలు పోసే మూత తీసి చూడండి, పొగ గుప్పుగుప్పున కొడితే ఇంజను లోపలి రింగులూ లైనర్లూ అరిగాయి. రోటవేటర్ లేపి ఇంజను ఆపండి. పది నిమిషాల్లో అది కిందికి జారితే పనిముట్టును ఎత్తే లిఫ్ట్ సీళ్లు పోయాయి. ముందు ఇరుసును జాకీతో లేపి మధ్య పిన్ను ఊపండి, ఊగులాట ఉంటే ధర దించండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంటే, అప్పు తీరినట్టు కాగితం చేతికొచ్చే దాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.