మా ఊరికి తోలుబొమ్మలాట వాళ్ళను పిలిపిస్తున్నాం, ఏర్పాట్లు నా మీద పడ్డాయి. ఏమేం చూసుకోవాలి?

శివరాత్రి జాగారానికి తోలుబొమ్మలాట పెట్టించాలని ఊళ్ళో అనుకున్నారని, ఆ బాధ్యత మీ మీద పడిందని రాశారు. ఎంత చోటు కావాలి, డబ్బు ఎలా మాట్లాడుకోవాలి, వాళ్ళను ఎక్కడ ఉంచాలి అని అడిగారు. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. గుడి కమిటీ తరఫున ఈ పని కొన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను. మీరడిగినవి చెప్తాను గానీ, అంతకంటే ముందు అడగనిది ఒకటి. ఆడేవాళ్ళ గురించి మీకు బెంగ అక్కర్లేదు, వాళ్ళకది తాతల నాటి విద్య. ఆటను మన ఊరివాళ్ళ నుంచే కాపాడాలి. ఆ రాత్రి మీకుండే పనిలో ముప్పాతిక వంతు అదే.

మొదట వెలుతురు. బొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది. ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. ఆ వెలుగు పల్చగా గీకిన తోలులోంచి వస్తేనే రంగులు కనపడతాయి. ఎదుటి నుంచి ఇంకో వెలుగు పడిందా, తెర ఉత్త తెల్లగుడ్డ. మనవాళ్ళేమో గుడి గోపురానికి సీరియల్ సెట్లు, వీధి మలుపులో ఫ్లడ్ లైటు, వీడియో తీసేవాడి చేతిలో ఇంకో లైటు! పంచాయతీ వాళ్ళకు ముందురోజే చెప్పి, ఆ దగ్గరి వీధిదీపాలు ఆటసేపు ఆర్పించండి. వీడియో అతనికి లైటు వెయ్యొద్దని మొహం మీదే చెప్పండి. సెల్‌ఫోన్ టార్చీల సంగతి జనంలో కూర్చునే కుర్రాళ్ళు నలుగురికి అప్పజెప్పండి. ఈ ఒక్కటీ కుదిరితే చాలు, ముసలివాళ్ళు కుర్చీలోంచి కదలరు.

తర్వాత మైకు. జాగారమంటే తెల్లారేదాకా అనుకుంటాం గానీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. పండగలకు అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. మీరు పెట్టే రోజుకు సడలింపు ఉందా లేదా అని పోలీస్ స్టేషన్లో అడిగి, అనుమతి కాగితం రాయించుకోండి. దాన్నిబట్టి ఆట వేళ పెట్టుకోండి. మేమైతే చీకటి పడగానే, ఏడింటికల్లా మొదలుపెట్టిస్తాం. మిగతా రాత్రి మైకు లేకుండా భజన. తెర వెనక వాళ్ళు బొమ్మ పట్టుకుని అటూ ఇటూ కదులుతూ పాడతారు కాబట్టి ఒక్క మైకుతో గొంతు అందదు. రెండు మూడు వేలాడదీయమనండి. ఆట మొదలయ్యేదాకా సినిమా పాటలు మోగించే అలవాటు సౌండ్ అతనికి ఉంటే అదీ మాన్పించండి. ఆ హోరు విన్న చెవికి హార్మోనియం ఆనదు.

ఇక సన్మానాలు. ఒక ఏడు మా దగ్గర ఒక పెద్దమనిషి ఆట మధ్యలో వచ్చాడు. లైట్లన్నీ వేసి, శాలువా కప్పి, ఆయన మాట్లాడి దిగేసరికి హనుమంతుడు లంకలోనే ఉన్నాడు, జనం మాత్రం ఇళ్ళకెళ్ళిపోయారు. అప్పటి నుంచి మా పద్ధతి ఒకటే. ఉపన్యాసం ఉంటే ఆటకు ముందు ఐదు నిమిషాలు, లేకపోతే ఆట అయ్యాక ఎంతసేపైనా. చదివింపులూ అంతే. పది రూపాయలిచ్చిన వాడి పేరు కూడా మైకులో రావాలంటారు. పక్కన పళ్ళెం పెట్టి, విరామంలో అందరి పేర్లూ ఒక్కసారే చదివించండి. ఆ డబ్బు మొత్తం కళాకారులదేనని ముందే ప్రకటించండి, తర్వాత కమిటీలో మాట రాకుండా.

చోటు గురించి. తెర, బొమ్మలు, బల్బులు వాళ్ళే తెచ్చుకుంటారు. మనం ఇవ్వాల్సినవి పాతడానికి గట్టి కర్రలు, తాడు, చాపలు, పైన వేయడానికి టార్పాలిన్. కొలతలు ఫోన్లో అడిగి రాసుకోండి. తెర ముందు ఎంత జాగా ఉందని అందరూ చూస్తారు, వెనక చూడరు. పెద్ద బొమ్మలు ఐదడుగులు దాటుతాయి. వాటిని ఆడించేవాళ్ళు, హార్మోనియం, మద్దెల, తాళాలు, బొమ్మల పెట్టె అన్నీ తెర వెనకే ఉండాలి. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద చెక్కలు టపటపలాడిస్తూ తొక్కుతారు, అందుకని నేల చదునుగా ఉండాలి. గాలికి అడ్డంగా గోడ ఉన్న చోటు దొరికితే వదలకండి. కరెంటు పోతే జనరేటరు కావాల్సిందే, కాకపోతే దాని మోత వినపడకుండా వైరు పొడుగు తీసుకుని దూరంగా పెట్టించండి.

డబ్బు: ఎంత అన్నది బృందంలో ఎంతమంది, ఎంత దూరం నుంచి వస్తారు అన్నదాన్నిబట్టి మారుతుంది, నేను అంకె చెప్పి మిమ్మల్ని ఇరికించను. బండి ఖర్చు అందులోదా, వేరా అన్నది మాత్రం మొదటి మాటలోనే తేల్చుకోండి. అడ్వాన్సు వెంటనే పంపండి. మిగతాది ఆట అయ్యాక వాళ్ళు తెర విప్పి సర్దుకునే లోపల చేతికివ్వండి. "రేపు పొద్దున కమిటీ కూర్చున్నాక" అనే మాట వాళ్ళు చాలా ఊళ్ళలో విని ఉంటారు.

వసతి అనగానే మనవాళ్ళు బడి వరండా చూపిస్తారు. ఒప్పుకోకండి. సీత మాటలు, పాటలు ఆడవాళ్ళే చెప్తారు, కుటుంబాలుగా వస్తారు, పిల్లలుంటారు. తలుపు గడియ పడే గదులు, స్నానాల గది ఉన్న ఇల్లు చూడండి. బొమ్మల పెట్టెకు కూడా తడి తగలని, కుక్కలూ ఎలుకలూ రాని చోటు కావాలి. తోలు కదా. ఆటకు ముందు కడుపునిండా తినరు, అసలు భోజనం ఆట అయ్యాకే. వంటవాళ్ళను అప్పటిదాకా ఉండమనండి, వేడన్నం పెట్టించండి. మధ్యలో గొంతుకు వేడినీళ్ళు, టీ. మొదట తెర మీదికి వినాయకుడొస్తాడు, అప్పటికి టెంకాయ, కర్పూరం సిద్ధంగా ఉంచండి.

కథ ఏది అడగాలి? పిల్లలు ఎక్కువుంటే సుందరకాండ. తోక తిరగడం, లంక కాలడం చాలు వాళ్ళకు. మధ్యమధ్య నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినప్పుడు హాస్యం కాస్త మోటుగా ఉంటుంది. కమిటీలో ఎవరో ఒకరు "గుడి ముందర ఇవేం మాటలు, తీసేయమనండి" అంటారు. నా మాట వింటే తీయించకండి. రామాయణం మధ్యలో ఆ ఇద్దరూ కొట్టుకోకపోతే అది హరికథ అవుతుంది. పైగా మీ ఊరి మంచినీళ్ళ కుళాయి గొడవ లాంటివి రెండు ముందే వాళ్ళ చెవిన వేయండి, జుట్టుపోలిగాడి నోట అవే వస్తే చూడండి జనం ఎలా నవ్వుతారో.

బృందం ఇంకా కుదరలేదంటే, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో వాకబు చేయండి. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడ చాలా ఇళ్ళలో ఇదే పని, తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు కూడా చేస్తారు. అవి అమ్ముకోవడానికి తెచ్చుకోమనండి, పందిరి పక్కన ఒక బల్ల వేసివ్వండి. శివరాత్రికి వాళ్ళకు గిరాకీ ఎక్కువ కాబట్టి ఆలస్యం చేయకుండా మాట్లాడుకోండి. మీ పక్క ఊరివాళ్ళను మరునాటి రాత్రికి ఒప్పించగలిగితే బండి ఖర్చు ఇద్దరికీ సగం సగం పడుతుంది, వాళ్ళకూ ఒక్క రాకలో రెండు ఆటలవుతాయి. మేము ఈమధ్య అలాగే చేస్తున్నాం.