కన్వర్ట్ కొట్టే ముందు చూసుకో అల్లుడూ

అల్లుడూ,

పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో చేరావని అక్క చెప్పింది, చాలా సంతోషంగా ఉంది. వీడియో ఫైళ్లని ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మావయ్యా అన్నావు కదా. మీడియా ఎన్‌కోడర్ అయినా, డావిన్చీ రిజాల్వ్ అయినా, పైసా ఖర్చు లేని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అయినా చెప్పింది చేసి పెడతాయి, ఏం చెప్పాలో మనకి తెలియాలి అంతే. అందుకే వచ్చిన ఫైల్‌ని ముందు ఫైల్ లోపలి వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిచి చూడు. ఫోన్‌లో తీసిన క్లిప్ అయితే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి వచ్చే బొమ్మల లెక్క, నిలకడగా ఉండదు, దాన్ని అలాగే టైమ్‌లైన్ మీద పెడితే కాసేపటికి పెదవులు ఒక దారి, మాట ఒక దారి. ముందే 25కి స్థిరపరుచుకో.

కొత్తలో నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని చెప్తున్నా. ఒక ఛానెల్‌కి డాన్స్ ప్రోగ్రాం ఇవ్వాలి, 1080ఐ 50. అంటే ఇంటర్లేస్డ్ హెచ్‌డీ, ఒక్కో ఫ్రేమ్ గీత విడిచి గీతగా రెండు ఫీల్డులై వస్తుంది, సెకనుకి 50 ఫీల్డులు. హెచ్‌డీలో పై ఫీల్డ్ ముందు రావాలి, నేనేమో పాత డీవీ టేపుల ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉన్న సెట్టింగ్) వాడేసి కింది ఫీల్డ్ ముందు పెట్టాను. కంప్యూటర్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది! టీవీలో మాత్రం ఆ అమ్మాయి చెయ్యి తిప్పినప్పుడల్లా చెయ్యి ముందుకీ వెనక్కీ వణికింది, ఆగి నిలబడగానే బొమ్మ శుభ్రం. రాత్రంతా కూర్చుని మళ్లీ చేశాను. అప్పటినుంచి కదలిక ఎక్కువున్న షాట్లని ఇంటర్లేస్డ్ మానిటర్ మీద చూడకుండా ఏ ఫైలూ పంపలేదు.

సినిమా వస్తే ఇంకో సంగతి. థియేటర్‌కి 24 ఫ్రేములు, మన టీవీకి 25. వేగం పెంచి మారిస్తే రెండున్నర గంటల సినిమా 2 గంటల 24 నిమిషాలకి వచ్చేస్తుంది, పాట శ్రుతి కూడా పైకి పోతుంది. పాటల్ని ప్రాణంగా వినే జనం మనవాళ్లు, శ్రుతి సరిచేయకుండా పంపకు.

మాస్టర్‌ని, అంటే అన్ని కాపీలకీ మూలమైన ఫైల్‌ని, మంచి నాణ్యత ఉండే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్‌లో దాచు, 25 ఫ్రేముల హెచ్‌డీకి సెకనుకి సుమారు 184 మెగాబిట్లు, డిస్కులు నిండిపోతాయి కానీ తప్పదు. ఛానెల్ 50 మెగాబిట్ల ఎక్స్‌డీక్యామ్ (ఛానెళ్లు వాడే ఫార్మాట్) అడిగినా, ఇంకెవరో ఎంపీ4 అడిగినా ప్రతిదీ ఆ మాస్టర్ నుంచే తియ్యి. ఎంపీ4ని ప్రోరెస్ చేస్తే సైజే పెరుగుతుంది, నీళ్ల పాలు పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడవు కదా.

నల్లచీర మడతలు కనబడకుండా పోయాయా, లెవెల్స్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఉండే అంకెల హద్దులు, చూడు, 0–255 ఫైల్‌ని సాఫ్ట్‌వేర్ 16–235 అనుకుని చదివి ఉంటుంది.

మొదటి డెలివరీ ఫైల్ మీడియాఇన్ఫో రిపోర్ట్ నాకు వాట్సాప్‌లో పంపు, నేనూ ఒకసారి చూస్తాను.

నీ మావయ్య