చివరి కాక

చిరంజీవి అల్లుడికి, పెద్దమామయ్య దీవించి రాస్తున్నది.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అన్నయ్యా, వాడు అమెరికాలో కూర్చుని నాటు తుపాకి చేస్తున్నాడంట" అని. నాకూ గుండె గుభేలుమంది. ఇక్కడ లైసెన్సు లేకుండా అలాంటిది చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే. తర్వాత నువ్వు పంపిన ఫొటోలు చూపించింది. మూతి నుంచి మందు కూరే పాతకాలపు రైఫిల్, పెన్సిల్వేనియాలో జర్మనీ నుంచి వచ్చిన కమ్మర్లు రెండు మూడొందల ఏళ్ళ కిందట చేసినలాంటిది. మేపుల్ చెక్క, దాని మీద భుజానికి ఆనే చోట ఇత్తడి బట్ ప్లేటు, మీట చుట్టూ వంపుగా ఉండే ట్రిగ్గర్ గార్డు, చెక్క పక్కన మూతపెట్టె. ఆ ఇత్తడి పని నీ చేత్తో చేసుకుంటానన్నావని విన్నాక నా మనసు కుదుటపడింది. నిజం చెప్పొద్దూ, కాస్త పొంగిపోయింది కూడా. వన్ టౌన్‌లో మన కొట్టు మూసేసిన రోజున, ఇంక ఈ ఇంట్లో సుత్తి పట్టేవాడు ఉండడనుకున్నాను.

ముందు ఒక మాట. గొట్టం గురించీ, మందు గురించీ నన్ను అడగకు, నాకు తెలియదు. గొట్టం మాత్రం నువ్వు చెయ్యొద్దు. పరీక్ష చేసి అమ్మేవాళ్ళ దగ్గరే కొనుక్కో. అక్కడి చట్టం ఏమంటుందో నువ్వే కనుక్కో. నాకు తెలిసింది ఇత్తడి, అంతవరకే రాస్తాను.

ఆకురాయి కొత్తది కొను, దాన్ని ఇత్తడికే ఉంచు. ఇనుము మీద ఒకసారి తోమిన ఆకురాయి ఇత్తడి మీద జారిపోతుంది. పళ్ళకి సుద్దముక్క రుద్దితే పొడి ఇరుక్కోదు. వైస్ దవడలకి చెక్కముక్కలు వెయ్యి, లేకపోతే గాట్లు పడతాయి. చెక్కలో దించేటప్పుడు రేకు అడుగున దీపం మసి పూసి నొక్కు. చెక్క మీద నల్లగా అంటుకున్నచోటే ఉలితో తియ్యి, మళ్ళీ నొక్కు, మళ్ళీ తియ్యి. విసుగు పుడుతుంది. విసుగు పుట్టినప్పుడు లేచి టీ తాగిరా. చెక్క ఒకసారి ఎక్కువ తీసేస్తే తిరిగి అతకదు.

ఇత్తడిని కాచడం గురించి నీకు ఎవరైనా చెప్పారో లేదో. ఉక్కును ఎర్రగా కాచి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. ఇత్తడికి ఆ భయం లేదు, ముంచినా మెత్తగానే ఉంటుంది. అయితే పోత ఇత్తడిని మాత్రం ముంచకు, గాలికే చల్లారనివ్వు. కాచేది చీకటి మూలలో కాచు. మసక ఎరుపు కనిపించగానే మంట తీసెయ్యి. ఎండలో ఆ ఎరుపు కనపడదు, కనపడేసరికి ముక్క జారి ముద్దవుతుంది. మరీ కాలిస్తే జింకు పొగై లేస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రికే వణుకుతో జ్వరం. తలుపులు తీసి ఉంచు. ఎర్రగా ఉన్నప్పుడు కొట్టకు, వంచకు, బిస్కెట్‌లా విరుగుతుంది. కాచి, చల్లార్చి, అప్పుడు కొట్టు. కొడుతూ ఉంటే మళ్ళీ గట్టిపడుతుంది. ఆ సంగతి చెవికి తెలుస్తుంది. మెత్తగా ఉన్నప్పుడు 'ధబ్' అంటుంది, గట్టిపడ్డాక 'టంగ్' అని సుత్తి చేతిలోకి ఎగురుతుంది. 'టంగ్' అనగానే ఆపి మళ్ళీ కాచాలి. ట్రిగ్గర్ గార్డు వంపుకి నాలుగైదు కాకలైనా పడతాయనుకో. అది రేకు కాకుండా పోత ముక్కయితే ఒక్కో వంపూ ఇంకా కొంచెం కొంచెంగా.

ఇదంతా చెప్పడానికయితే ఫోనే చాలు. ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ఇత్తడి పాతదానిలా కనపడటానికి అమ్మోనియా సీసాతో కలిపి డబ్బాలో పెట్టి మూత వేస్తానన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గుంటూరు వైపు పల్లెటూరి రైతు ఒకాయన తన ఒంగోలు ఎడ్ల జతకి కొమ్ములకి తొడిగే ఇత్తడి కుప్పెలు కావాలన్నాడు, సంక్రాంతికి. నాలుగు కుప్పెలు. మీ తాతయ్య రెండు చేస్తానన్నాడు, నన్ను రెండు చెయ్యమన్నాడు. ఒకటే రేకు, ఒకటే రోజు కోసిన బిళ్ళలు. నాన్న ముసలిమనిషిలా నెమ్మదిగా కొడుతున్నాడని నాకు లోపల నవ్వు. నావి ముందు అయిపోయాయి. ఆఖరి వరస సుత్తి దెబ్బలు నున్నగా, దగ్గరదగ్గరగా, చేపపొలుసుల్లా వచ్చాయి. మళ్ళీ కాస్తే ఆ మెరుపు పోయి నల్లబడుతుంది, మళ్ళీ తోమాలి. బొగ్గు కూడా అయిపోవచ్చింది. వదిలేశాను.

నాన్న చేతిలోకి తీసుకుని వేలిగోటితో మీటాడు. 'టంగ్' అంది, గుడి గంటలా.

"చివరి కాక పెట్టావా?"

"పెట్టాను" అన్నాను.

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేశాడు. ఆ 'టంగ్' ఆయనకి వినపడలేదంటే ఇప్పటికీ నమ్మను. ఎందుకు ఊరుకున్నాడో అడగాలని నలభై ఏళ్ళు అనుకున్నాను, అడక్కముందే పోయాడు.

సంక్రాంతికి ఎడ్లు ధగధగలాడాయని రైతు బెల్లం కూడా పంపాడు. వానాకాలం నడుమ మళ్ళీ వచ్చాడు, భుజం మీది తువ్వాల్లో ఏదో చుట్టుకుని. కొట్టు గట్టు మీద విప్పాడు. నా కుప్పె. మొదలు నుంచి కొన దాకా చీలింది, చేలో ఎండిన బెండకాయ పగిలినట్టు. ఎవరూ కొట్టలేదు, కింద పడలేదు. కొట్టంలో ఎద్దు కొమ్ముకి ఉన్నది ఉన్నట్టుగా పగిలింది. ఆ అంచు పక్క ఎద్దు మెడకి దిగింది, పుండైంది, పురుగు పట్టింది. ఆయన కేకలు వెయ్యలేదు. "వేలు పెట్టి చూడు అబ్బాయ్" అన్నాడు. పెట్టాను. చర్మం తెగి రక్తం వచ్చింది.

నేనేమన్నానో తెలుసా? "రేకు మంచిది కాదండీ" అన్నాను. అప్పుడాయన తువ్వాలు రెండో కొస విప్పాడు. అందులో నాన్న చేసినవి రెండు. పచ్చబడ్డాయి గానీ వెంట్రుకంత గీత కూడా లేదు. అదే రేకు, అదే కొట్టం, అదే వాన. నా రెండోది కూడా పగిలి ఇంట్లో పడి ఉందన్నాడు. నాన్న మాట్లాడకుండా లోపలికెళ్ళి, అమ్మ చీటీ పాట డబ్బులు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అంతా కలిపి ఒక్క మాట అన్నాడు నన్ను: "అబద్ధం రేకు మీదకి కూడా తోశావా." అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఎందుకు పగిలిందో చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. బిందెకి మాట్లు వేయించుకోవడానికి వచ్చిన పాలిటెక్నిక్ లెక్చరర్ ఒకాయన చెప్పాడు. దెబ్బలు తిన్న ఇత్తడిలో బిగువు దాక్కుని ఉంటుందట, లాగి కట్టిన తాడులాగా. దానికి తడి, అమ్మోనియా తోడైతే ఆ బిగువు చీలికగా బయటపడుతుంది. ఎడ్ల కొట్టంలో మూత్రం నుంచి లేచేది అమ్మోనియాయే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో మన దేశంలోనే వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు ఇలాగే పగిలేవట. కారణం అమ్మోనియా అని 1921లో తేల్చారట. నేను చేసిన తప్పే సైన్యం మొత్తానికి జరిగిందని విని నాకు కాస్త ఊరట కలిగింది. ఎద్దుకి కలగలేదు.

కాబట్టి ఒరేయ్, చివరి కాక ఎగ్గొట్టకు. వంపులన్నీ అయ్యి, ఆకురాయి పని అయ్యాక, మళ్ళీ మెత్తబడిపోతుందని నీకు అనుమానమైతే ఎర్రదాకా అక్కర్లేదు. మీ వంటింటి ఓవెన్ 500 ఫారెన్‌హీట్ దాకా వెళ్తుందిగా? అంటే 260 సెల్సియస్. గంటసేపు అందులో ఉంచు. గట్టితనం పోదు, దాక్కున్న బిగువు చాలావరకు పోతుంది. కోడలు తిడితే నా పేరు చెప్పు. ఆ తర్వాత అమ్మోనియా డబ్బాలో పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం. నన్నడిగితే అసలు వద్దు. చేత్తో పట్టుకుంటూ ఉంటే రెండేళ్ళలో దానికదే రంగు తిరుగుతుంది. సీసాల్లో అమ్మే పాలిష్‌లలో కూడా చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, చదివి కొను. చింతపండుతో తోమి, శుభ్రంగా కడిగి, తుడిచి ఆరబెడితే సరిపోదా?

ట్రిగ్గర్ గార్డు ఫొటో పంపేటప్పుడు ముందువైపు మెరుపు చూపించకు. వంపు లోపలివైపు తీసి పంపు, వెలుతురు పక్క నుంచి పడేలా. చీలిక మొదలయ్యేదుంటే అక్కడే వెంట్రుకలా కనపడుతుంది.

వచ్చే నెల మన వీధిలోని అమ్మాయి ఫిలడెల్ఫియా వస్తోంది. మీ అమ్మ గోంగూర, కారప్పొడి ఎలాగూ కడుతుంది. అందులో మీ తాతయ్య కొయ్యసుత్తి పెడుతున్నాను, పిడి మీద ఆయన బొటనవేలు అరగదీసిన గుంట ఉంటుంది, అక్కడ పట్టుకో. ఆ పగిలిన కుప్పె కూడా గుడ్డలో చుట్టి పెడుతున్నాను. రెండూ చెక్-ఇన్ సామానులోనే వెయ్యమని ఆ పిల్లకి చెప్పు. విప్పేటప్పుడు జాగ్రత్త, అంచు ఇంకా కోస్తుంది.

మీ పెద్దమామయ్య
విజయవాడ