సమాధానం: డివినిల్స్ (ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్) హిట్స్ ఫోల్డర్‌లో ఒక పాట వినపడదు, ఇంకోటి చెవులు పగలగొడుతోంది

కారణం ఫైళ్లలోనే ఉంది, హెడ్‌ఫోన్‌ది కాదు. మీరు కొన్ని పాటలు 80ల నాటి ఆల్బమ్ సీడీల నుంచి, కొన్ని 2006 గ్రేటెస్ట్ హిట్స్ నుంచి తీశానన్నారు. 2000 తర్వాత మాస్టర్ చేసిన (అంటే విడుదలకు ముందు చివరిగా సౌండ్ సర్దిన) సీడీలు సాధారణంగా బాగా లౌడ్‌గా ఉంటాయి. అందుకే 1981 నాటి ‘బాయ్స్ ఇన్ టౌన్’ పాత సీడీది అయితే నీరసంగా వినిపిస్తుంది.

ఈక్వలైజర్ ముట్టుకోకండి. కంప్యూటర్‌లో పాటలు వినిపించే ఫూబార్2000 ప్లేయర్‌లో:

1. పాటలన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, రీప్లేగెయిన్ (పాటల సౌండ్ స్థాయిని సమం చేసేది), అందులో ట్రాక్ గెయిన్ స్కాన్, అంటే ఒక్కో పాటని విడిగా కొలవడం. ఆల్బమ్ గెయిన్ వద్దు. అది పాత ఆల్బమ్‌లో పాటల మధ్య తేడాను అలాగే ఉంచుతుంది, ఇలాంటి కలగూర ఫోల్డర్‌కి పనికిరాదు.

2. అప్‌డేట్ ఫైల్ ట్యాగ్స్ నొక్కండి. ఆడియో మారదు, సౌండ్ ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే ట్యాగ్ మాత్రమే ఫైల్‌లో చేరుతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే: స్కాన్ చేస్తే సరిపోదు, ప్లేయర్‌కి ఆ ట్యాగ్ వాడమని చెప్పాలి. ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్‌లో సోర్స్ మోడ్ ‘ట్రాక్’ పెట్టండి. ప్రాసెసింగ్‌లో గెయిన్‌తోపాటు క్లిప్పింగ్ (సౌండ్ హద్దు దాటి పగిలిపోవడం) నివారణ ఉన్నది ఎంచుకోండి, లేకపోతే నీరసం పాటల్ని పెంచినప్పుడు గాయని క్రిస్సీ యాంఫ్లెట్ అరుపులు చిరుగుతాయి.

ఫోన్‌లోనూ అంతే. పవర్‌యాంప్ అనే ప్లేయర్ యాప్‌లో రీప్లేగెయిన్ విడిగా ఆన్ చేయాలి.

మొత్తం సౌండ్ తగ్గినట్టనిపిస్తే ప్రీయాంప్ +3 నుంచి +6 డీబీ ఇవ్వండి. స్కాన్ చేయని పాటలు మధ్యలో వస్తే మోత మోగిస్తాయి, వాటికి విడిగా ఉండే ప్రీయాంప్‌ని −6 దగ్గర ఉంచండి.

కారు స్టీరియోలు చాలావరకు ఈ ట్యాగ్ చదవవు. పెన్‌డ్రైవ్ కోసమైతే ఎంపీ3 కాపీలు చేసి, అదే మెనూలో గెయిన్‌ని ఫైల్‌కే అప్లై చేయండి. ఒరిజినల్స్ మీద మాత్రం చేయకండి.