మూలకణ మార్పిడికి ముందు ప్రోబయోటిక్స్ మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. బ్లడ్ క్యాన్సర్ (ఏఎంఎల్). వచ్చే నెల మా చెల్లెలి మూలకణాలు ఎక్కిస్తారు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉంటేనే ఫలితం బాగుంటుందని చదివాం. ఇప్పటినుంచే ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వేయమంటారా? యాంటీబయోటిక్స్ వద్దని చెప్పొచ్చా?

జవాబు: రెండూ వద్దు. మీరు చదివింది మాత్రం నిజమే. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో అమెరికా, జర్మనీ, జపాన్‌లలోని నాలుగు కేంద్రాల్లో 1,362 మంది మలం నమూనాలు చూశారు. కొత్త కణాలు కుదురుకునే రోజుల్లో పేగుల్లో ఎక్కువ రకాల బ్యాక్టీరియా ఉన్నవారిలో మరణాలు తక్కువ. అయితే అదే కారణమని అంతటితో తేలిపోదు. ఎక్కువ జబ్బుపడ్డవారికి మందులూ ఎక్కువే పడతాయి, వాటివల్లే ఆ బ్యాక్టీరియా తగ్గి ఉండొచ్చు కదా.

మార్పిడికి ముందిచ్చే కీమో పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. క్లాస్ట్రీడియా తెగ బ్యాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి, పెద్దపేగు పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. తిండి తగ్గి, యాంటీబయోటిక్స్ పడేసరికి ఇవి పోయి, ఒక్కోసారి ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా ఒక్కటే పేగంతా ఆక్రమిస్తుంది. అలాంటివారిలో రక్తంలో ఇన్ఫెక్షన్, దాత కణాలు రోగి శరీరం మీదే దాడిచేసే జీవీహెచ్‌డీ ఎక్కువగా కనిపిస్తున్నాయి.

క్యాప్సూల్స్‌లో ఎక్కువగా ఉండే లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఈ లోటు తీర్చదు. పైగా న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరు రక్తంలో 500 లోపు పడిపోయి, పేగు పొర పుండయినప్పుడు అదే రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. మంచి బ్యాక్టీరియా కోసం ఆరోగ్యవంతుడైన దాత మలం ఎక్కించే చికిత్స కూడా, పరిశోధనల్లో భాగంగా తప్ప వద్దు. 2019లో దాత మలం ద్వారా మందులకు లొంగని ఈ.కోలి సోకి, అమెరికాలో ఒకరు చనిపోయారు.

యాంటీబయోటిక్స్ సంగతి. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు జ్వరం 38.3 డిగ్రీల సెల్సియస్ తాకినా, 38 దగ్గర గంటసేపు నిలిచినా, గంటలోపు మందు పడాల్సిందే. మీరు అడగదగ్గ ప్రశ్న వేరే ఉంది. పిపరాసిల్లిన్-టాజోబ్యాక్టమ్, ఇమిపెనెమ్ అనే యాంటీబయోటిక్స్ ఆక్సిజన్ లేనిచోట బతికే ఆ క్లాస్ట్రీడియానూ చంపుతాయి. సెఫెపీమ్ అనే మరో యాంటీబయోటిక్ వాటి జోలికి అంతగా పోదు. 'మావాడికి అది సరిపోతుందా? ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టు వచ్చాక మందు తగ్గిస్తారా?' అని అడగండి. నిర్ణయం డాక్టర్లదే.

ఇంటివాళ్లు చేయగలిగింది తిండి దగ్గరే. నోరు పూసినా కొద్దికొద్దిగా నోటితోనే తినిపించండి. కుదరకపోతే సెలైన్‌లా నరం ద్వారా ఇచ్చే పోషణకు ముందు ముక్కు గొట్టం పెట్టడం వీలవుతుందా అని అడగండి. నీళ్ల విరేచనాలైతే కొలిచి రాయండి. రోజుకు 500 మి.లీ. దాటితే, లేదా మూడుసార్లకు మించితే వెంటనే చెప్పండి. సొంతంగా విరేచనాలు ఆపే లోపరమైడ్ వేయొద్దు: సి.డిఫిసిల్ (పేగు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్), సీఎంవీ (వైరస్ ఇన్ఫెక్షన్), జీవీహెచ్‌డీ మూడూ విరేచనాలతోనే మొదలవ్వచ్చు, మూడింటికీ మందులు వేరు.