చదివింది టెస్టులో గుర్తుకు రావాలంటే

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. నీట్ కోచింగ్ కూడా అక్కడే. బాటనీ, జువాలజీ ఒక్కో చాప్టరు నాలుగైదుసార్లు చదివినా వీకెండ్ టెస్టులో గుర్తురావడం లేదంటోంది. జ్ఞాపకశక్తికి మాత్రలేమైనా వాడాలా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మాత్రలు వద్దమ్మా. ముందు ఈ మధ్య రాసిన మూడు టెస్టు పేపర్లు తీయించండి. పోయిన ప్రతి ప్రశ్న పక్కన గుర్తు పెట్టమనండి: అసలు చదవనిది, చదివి మరిచిపోయినది, తెలిసీ ప్రశ్న సరిగా చూడక పోగొట్టుకున్నది. వీటిలో రెండోదే జ్ఞాపకానికి సంబంధించింది. మూడోది ఎక్కువుంటే ‘కానిది ఏది’ లాంటి మాటల కింద గీత గీశాకే ఆప్షన్లు చూడటం అలవాటు చేసుకోవాలి.

రెండోదే ఎక్కువైతే లోపం బుర్రలో లేదు, చదివే తీరులో ఉంది. అదే పేజీ ఐదోసారి చదువుతుంటే కళ్లకు అలవాటై అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పరీక్ష హాల్లో ఆ పేజీ ఎదురుగా ఉండదు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాయడం సాధన చేసినవాళ్లే ముందున్నారు. మీ అమ్మాయి టెస్టు కూడా వారానికేగా!

క్రెబ్స్ వలయమే (కణంలో ఆహారం నుంచి శక్తి వెలువడే రసాయన చర్యల చక్రం) తీసుకుందాం. 25 నిమిషాలు చదివి, పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద పది నిమిషాల్లో వలయం మొత్తం గీయాలి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడెక్కడ పోతోంది, శక్తిని మోసుకెళ్లే అణువు ఎన్‌ఏడీహెచ్ ఎక్కడెక్కడ వస్తోంది అన్నీ గుర్తించాలి. వలయంలోకి వచ్చే ఒక ఎసిటైల్ కో-ఏ అణువుకి మూడు ఎన్‌ఏడీహెచ్, ఒక ఎఫ్‌ఏడీహెచ్2, ఒక జీటీపీ (ఇవీ శక్తిని మోసేవే). గ్లూకోజుకైతే వలయం రెండుసార్లు తిరుగుతుంది, కాబట్టి అన్నీ రెట్టింపు. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో దిద్దాలి. మర్నాడు ఆ ఎర్ర అక్షరాలే చూడాలి. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు మళ్లీ తెల్లకాగితం. ఒకే రోజు ఐదుసార్లు చదివేకన్నా ఇలా ఎడమిచ్చి చేసిందే నిలుస్తుంది.

మొదటి పది రోజులు కాగితం సగం ఖాళీగానే ఉంటుంది. భయపడి పాత పద్ధతికి వెళ్లిపోతారు చాలామంది. తడుముకుంటూ గుర్తుచేసుకునే ఆ కష్టమే విషయాన్ని నాటుతుంది, కాబట్టి ఆపనివ్వకండి. నీట్‌లో 90 బయాలజీ ప్రశ్నలకు 360 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అరకొరగా గుర్తున్నది అక్కడ నష్టమే చేస్తుంది.

ఫిజిక్సుకు ఇది చాలదు. రెండు మూడు చాప్టర్ల లెక్కలు కలిపి చేయాలి, ఏ సూత్రం వాడాలో తనే తేల్చుకోవాలి.

రాత్రి స్టడీ అవర్ అయ్యాక టార్చి వెలుగులో చదవొద్దని గట్టిగా చెప్పండి. పగలు చదివింది స్థిరపడేది నిద్రలోనే. ఈ వయసుకు ఎనిమిది గంటలు అవసరం. హాస్టల్ వేళలు మనం మార్చలేం గానీ, ఉన్న నిద్రనైనా కోసుకోకూడదు. ఎప్పుడూ నీరసం, తలతిరుగుడు ఉంటే సెలవుకి ఇంటికొచ్చినప్పుడు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కన్నా తక్కువుంటే డాక్టరుకు చూపించండి.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎన్ని మార్కులొచ్చాయని అడక్కండి. ఈ వారం చదివిన ఒక్క టాపిక్ పుస్తకం చూడకుండా మీకు చెప్పమనండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఐదు నిమిషాలు వినండి.