జపాన్ సామ్రాజ్య చరిత్ర మీద పనిచేస్తానన్న అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

పీహెచ్‌డీ జపాన్ సామ్రాజ్యం మీదే చేస్తానని నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. టాపిక్ ఇంకా తేలలేదని టెన్షన్ పడకు. ముందు భాష సంగతి చూసుకో. ఈనాటి జపనీస్ ఒక్కటే వస్తే చాలదు. యుద్ధానికి ముందటి సర్కారీ కాగితాల్లో పాత కంజి అక్షరాలు, కతకాన లిపి, ఇప్పుడెవరూ వాడని వ్యాకరణం ఉంటాయి. ఆసియా చారిత్రక పత్రాల కేంద్రం 2001 నుంచి అలాంటి కాగితాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతోంది. రోజుకో పేజీ చదువు. 1945 ఆగస్టులో ఓటమి ఖాయమయ్యాక సైన్యం, ప్రభుత్వ శాఖలు ఎన్నో పత్రాలను తగలబెట్టాయి. కాబట్టి ఏదైనా ఫైలు దొరక్కపోతే ఎందుకు లేదో కూడా ఆలోచించు.

సామ్రాజ్యమంటే సైన్యాధికారులు, మంత్రులు మాత్రమే కాదు. జపాన్‌లోని నగానో ప్రాంతపు కొండ ఊళ్లనే తీసుకో. అక్కడి రైతులు పట్టుపురుగులు పెంచుకుని బతికేవాళ్లు. 1929 తర్వాత పట్టు ధర పడిపోయి అప్పుల్లో మునిగారు. ఊళ్లో కొంతమందిని మంచూరియాకి, అంటే అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న ఈశాన్య చైనాకి, పంపేస్తే మిగిలినవాళ్లకి భూమి సరిపోతుందని సర్కారు పథకం వేసింది. జపాన్ మొత్తం నుంచి సుమారు 2,70,000 మంది వెళ్లారు, అందరికంటే ఎక్కువ నగానో వాళ్లే. అక్కడ వాళ్లకిచ్చిన పొలాల్లో చాలావరకు చైనా రైతులు అప్పటికే సాగు చేసుకుంటున్నవి. వాటిని కారుచౌకగా, బలవంతంగా తీసుకున్నారు. 1945 ఆగస్టు 9న సోవియట్ సైన్యం వచ్చిపడేసరికి వలస వెళ్లిన మగవాళ్లలో చాలామందిని సైన్యంలోకి తీసుకుపోయి ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు పారిపోతూ దారుల్లో, శరణార్థి శిబిరాల్లో వేలకు వేలు చనిపోయారు.

నగానోలోని అచి గ్రామంలో ఈ వలసల మీద 2013లో ఒక మ్యూజియం తెరిచారు. తప్పకుండా వెళ్లు. బతికొచ్చినవాళ్ల మాటలు వింటే ఏడుపు ఆగదు, ఆపుకోనక్కర్లేదు కూడా. అయితే నోట్స్‌లో ఆ పొలం అంతకుముందు ఎవరిదన్న ప్రశ్న కూడా రాసుకో. దానికి జవాబు జపాన్ ఊరి రికార్డుల్లో దొరకడం కష్టం. అందుకే చైనీస్ ఇప్పుడే మొదలుపెట్టు. కొరియా మీద పనిచేస్తే కొరియన్ నేర్చుకో. జపనీస్ ఒక్కటే వస్తే పాలించినవాళ్ల దుఃఖం మాత్రమే నీ పుస్తకంలోకి వస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట విను.

మన దేశంలో ఈ సబ్జెక్టులో ఉద్యోగాలు తక్కువ. అందుకని ఆధునిక ఆసియా చరిత్ర అంతా పాఠం చెప్పగలిగేలా తయారవ్వు. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు రాసి, పంపేముందు నాకు ఒకసారి చూపించు.